తనవాళ్ల కోసం రాసిన టోనీ మోరిసన్

1974లో న్యూయార్క్‌లోని ర్యాండమ్ హౌస్ ప్రచురణ సంస్థ నుంచి ఒక పుస్తకం వచ్చింది. పేరు ‘ద బ్లాక్ బుక్’. అందులో కథ లేదు, అధ్యాయాలు లేవు. బానిసల వేలం ప్రకటనలు, పారిపోయిన బానిసను పట్టిస్తే బహుమతి ఇస్తామన్న నోటీసులు, నల్లజాతివాళ్లు కనిపెట్టిన వస్తువుల పేటెంటు కాగితాలు, పాటల పుస్తకాల అట్టలు, ఎవరివో కుటుంబాల ఫొటోలు, పాత పేపర్ల కత్తిరింపులు. అమెరికాలో నల్లవాళ్లు మూడు వందల ఏళ్లు బతికిన బతుకంతా పాత ట్రంకుపెట్టె బోర్లించినట్టు ఆ పేజీల్లో పరిచి ఉంటుంది. ఆ కాగితాలను ఏళ్ల తరబడి దాచింది మిడిల్టన్ హ్యారిస్, ఆయనలాంటి మరికొందరు. వాళ్ల ఇళ్లలో మగ్గుతున్నదాన్ని పుస్తకంగా తేవాల్సిందేనని పట్టుబట్టింది ఆ సంస్థలో పనిచేసే ఒక ఎడిటర్. అట్ట మీద ఆవిడ పేరు లేదు.

ఆ కత్తిరింపుల్లో ఒకటి 1856 నాటిది. జైల్లో ఉన్న ఒక బానిస తల్లిని చూసి వచ్చిన మతబోధకుడు ఒక చర్చి పత్రికకు రాసిన చిన్న వార్త. కన్నబిడ్డను తన చేతులతో చంపుకున్న తల్లి ఆమె. ఎంతో ప్రశాంతంగా ఉందని, చేసిన పనికి పశ్చాత్తాపం లేదని ఆ వార్త సారాంశం. పుస్తకం అచ్చయింది, దుకాణాలకు వెళ్లింది. ఆ వార్త మాత్రం ఎడిటర్‌ను వదల్లేదు. పదమూడేళ్ల తర్వాత అది ‘బిలవ్డ్’ నవల అయింది. ఆ ఎడిటర్ పేరు టోనీ మోరిసన్. 1993లో ఆవిడకు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆవిడే.

మోరిసన్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా నోబెల్ దగ్గర మొదలుపెడతారు. ఎడిటర్ ఉద్యోగాన్ని పొట్టకూటి కోసం చేసిన పనిగా ఒక్క పేరాలో ముగిస్తారు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. పగలు ఆఫీసులో ఇతరుల పుస్తకాల మీద పెన్సిల్ పట్టుకుని చేసిన పనీ, తెల్లవారకముందే ఇంట్లో లేచి రాసుకున్న నవలలూ ఒకే పని. చెరిపేసిన మనుషులను, చెరిపేసిన పేర్లను తిరిగి కాగితం మీదకు తీసుకురావడం ఆ పని. దాన్ని తనవాళ్ల కోసం, తనవాళ్ల మాటలో, బయటివాళ్లకు అడుగడుగునా సంజాయిషీ చెప్పుకోకుండా చేశారు. ఆవిడ జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అదే.

ఉక్కు ఊరి అమ్మాయి

ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున లొరైన్ అనే ఊరుంది. ఉక్కు ఫ్యాక్టరీలు, ఓడలు కట్టే యార్డులు ఉన్న ఊరు. పని వెతుక్కుంటూ తూర్పు యూరప్ నుంచి, మెక్సికో నుంచి, అమెరికా దక్షిణాది పత్తి చేల నుంచి వచ్చి పడ్డ కుటుంబాలు అక్కడ పక్కపక్క వీధుల్లో ఉండేవి. 1931 ఫిబ్రవరి 18న అక్కడ పుట్టింది క్లోయీ అర్డీలియా వాఫర్డ్. నలుగురు పిల్లల్లో రెండోది.

తండ్రి జార్జ్ వాఫర్డ్ జార్జియా నుంచి వచ్చినవాడు. పదిహేనేళ్ల వయసులో, తమ వీధిలో ఉండే ఇద్దరు నల్లజాతి వ్యాపారులను మూక చంపి వేలాడదీస్తే ఆ శవాలను చూశాడు. ఆ తర్వాత దక్షిణాదిలో ఉండలేకపోయాడు. తెల్లవాళ్లను జీవితాంతం నమ్మలేదు, ఇంటి గుమ్మం తొక్కనివ్వలేదు. తల్లి రామా వేరే రకం. ఆమె అలబామా నుంచి వచ్చింది. ఎదుటి మనిషిని చూసి, మాట్లాడి, అప్పుడు తూకం వేసేది. ఈ ఇద్దరి మధ్య పెరిగిన పిల్ల కాబట్టే మోరిసన్ నవలల్లో ఏ ఒక్క పాత్రా ఒకే రంగులో ఉండదని నేననుకుంటాను.

క్లోయీకి రెండేళ్లప్పుడు నెలకు నాలుగు డాలర్ల అద్దె కట్టలేదని ఇంటి యజమాని ఇంటికి నిప్పంటించాడు. లోపల మనుషులు ఉండగానే. అమ్మానాన్నలు దానికి కుంగిపోకుండా ఆ మనిషి పిచ్చితనాన్ని చూసి నవ్వుకున్నారని ఆవిడ పెద్దయ్యాక చాలాసార్లు చెప్పారు. నాలుగు డాలర్ల కోసం మనుషులను తగలబెట్టబోయినవాడి నీచత్వాన్ని తమ మీదకు తెచ్చుకోకపోవడం ఆ నవ్వులో ఉందని ఆవిడ అర్థం చేసుకున్నారు.

తండ్రి గురించి ఆవిడ చెప్పిన మరో సంగతి నాకు ఎంతో ఇష్టం. ఆయన ఓడల యార్డులో వెల్డర్. ఒకరోజు ఇంటికొచ్చి, ఇవాళ ఒక అతుకు ఎంత బాగా కుదిరిందంటే దాని మీద నా పేరు రాశాను అన్నాడట. దాని మీద ఇంకో రేకు వస్తుంది కదా, ఎవరికి కనపడుతుంది అని కూతురు అడిగింది. కనపడకపోయినా అక్కడుందని నాకు తెలుసు కదా అన్నాడు తండ్రి. అట్ట మీద పేరు లేకుండా ‘ద బ్లాక్ బుక్’ను తయారుచేసిన ఎడిటర్ ఈ వెల్డర్ కూతురే.

పన్నెండు, పదమూడేళ్లకే ఒక తెల్లవాళ్ల ఇంట్లో స్కూలయ్యాక శుభ్రం చేసే పనికి కుదిరింది. వారానికి రెండు డాలర్లు. సగం అమ్మకు. పని పెరిగిపోతోందని తండ్రి దగ్గర గోడు వెళ్లబోసుకుంటే, నువ్వు ఉండేది అక్కడ కాదు, ఇక్కడ, నీవాళ్ల దగ్గర, పని చేసి డబ్బు తీసుకుని ఇంటికి రా అని చెప్పాడట. ఆ మాట పట్టుకునే తర్వాత ఎన్నో ఉద్యోగాలు చేశానని ఎనభై దాటాక ఒక చిన్న వ్యాసం రాశారు. ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీలో కూడా చిన్నప్పుడు పనిచేసింది. పుస్తకాలను అరల్లో సర్దాల్సిందిపోయి చదువుతూ కూర్చునేదని చెబుతారు. ఇప్పుడు ఆ లైబ్రరీలో టోనీ మోరిసన్ పేరు మీద ఒక రీడింగ్ రూమ్ ఉంది.

పన్నెండేళ్లకు క్యాథలిక్ మతం తీసుకుంటూ సెయింట్ ఆంథనీ పేరు కలుపుకుంది. అదే కుదించుకుని కాలేజీలో టోనీ అయింది. 1949లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో చేరింది. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన విద్యాసంస్థ అది. అక్కడి నాటక బృందంతో దక్షిణాది రాష్ట్రాలు తిరిగింది. బస్సుల్లో వేరే సీట్లు, వేరే మంచినీళ్ల కుళాయిలు, వేరే గుమ్మాలు ఉన్న ప్రపంచాన్ని అప్పుడే కళ్లారా చూసింది. 1955లో కార్నెల్‌లో ఎం.ఏ. పూర్తిచేసింది. వర్జీనియా వుల్ఫ్, విలియం ఫాక్‌నర్ రచనల మీద సిద్ధాంత వ్యాసం రాసింది. హ్యూస్టన్‌లో రెండేళ్లు, మళ్లీ హోవర్డ్‌లో ఏడేళ్లు పాఠాలు చెప్పింది. 1958లో జమైకాకు చెందిన ఆర్కిటెక్ట్ హెరల్డ్ మోరిసన్‌ను పెళ్లాడింది. 1964లో విడిపోయారు. అప్పటికి ఒక కొడుకు, కడుపులో ఇంకొకడు. ఆ పెళ్లి గురించి ఆవిడ పెద్దగా మాట్లాడలేదు, మనమూ తవ్వక్కర్లేదు.

పసివాడు కక్కిన కాగితం

సిరక్యూస్ అనే చలి ఊళ్లో స్కూలు పాఠ్యపుస్తకాలు తెచ్చే సంస్థలో ఎడిటర్‌గా చేరారు. ఆ సంస్థ ర్యాండమ్ హౌస్‌ది. తెలిసినవాళ్లు లేరు. ఇద్దరు పసిపిల్లలు. రాత్రి వాళ్లు నిద్రపోయాక, తెల్లవారుజామున వాళ్లు లేవకముందు, ఒక పాత కథ బయటికి తీశారు. హోవర్డ్‌లో పనిచేసే రోజుల్లో రచయితల బృందం సమావేశానికి ఏదో ఒకటి పట్టుకెళ్లాలని రాసిన కథ అది. నీలి కళ్లు కావాలని కోరుకునే ఒక నల్లపిల్ల కథ.

దానికి మూలం లొరైన్‌లోని చిన్ననాటి స్నేహితురాలు. రెండేళ్లుగా నీలి కళ్ల కోసం ప్రార్థిస్తున్నాను, ఇవ్వలేదు, కాబట్టి దేవుడు లేడు అందట ఆ పిల్ల. క్లోయీ ఆ నల్లటి ముఖం మీద నీలి కళ్లను ఊహించుకుంది, జడుసుకుంది. తన ముఖం తనకు వికారంగా ఉందని అంత చిన్న పిల్లకు ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

పసుపు రంగు కాగితాల లీగల్ ప్యాడ్ మీద పెన్సిల్‌తో రాయడం ఆవిడకు అలవాటు. ఒకసారి రాస్తుండగా పసివాడు దగ్గరికొచ్చి ప్యాడ్ మీద కక్కాడు. తాగిన ఆరెంజ్ జ్యూస్ అంతా కాగితం మీద. ఆవిడ అది తుడవకుండా, ఆ మడుగు చుట్టూ తిప్పి వాక్యం పూర్తిచేశారు. మడుగు ఐదు నిమిషాల తర్వాత కూడా అక్కడే ఉంటుంది, వాక్యం ఉంటుందో ఉండదో అని. పిల్లల్ని పెంచుతూ రాసే ఆడవాళ్ల గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు ఇంతగా అర్థం కాలేదు. తెల్లవారకముందే లేచి, కాఫీ కలుపుకుని, వెలుతురు రావడం చూస్తూ రాతలోకి దిగడం ఆవిడకు మొదట పిల్లల వల్ల వచ్చిన అవసరం. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు.

ఒక దశలో, తాను చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు. చాంతాడంత జాబితా. తర్వాత, వీటిలో చేయకపోతే నేను బతకలేనివి ఏవి అని చూసుకుంటే రెండే మిగిలాయి. పిల్లల్ని పెంచడం, పుస్తకాలు రాయడం.

‘ద బ్లూయెస్ట్ ఐ’ 1970లో వచ్చింది. ఆవిడ వయసు అప్పటికి ముప్పై తొమ్మిది. అనేక సంస్థలు తిప్పిపంపాక హోల్ట్ సంస్థ వేసింది. నవల రాస్తున్నట్టు తన ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. న్యూయార్క్ టైమ్స్‌లో సమీక్ష చూసి సహోద్యోగులు ఆశ్చర్యపోయారు. అట్ట మీద టోనీ మోరిసన్ అని పడినందుకు ఆవిడ చాలాకాలం బాధపడ్డారు. ఇంట్లోవాళ్లకు, లొరైన్‌కు తాను క్లోయీనే. రాసేది క్లోయీయే అని చెప్పేవారు.

ఎడిటర్ కుర్చీ

1960ల చివర్లో న్యూయార్క్ ఆఫీసుకు మారారు. ర్యాండమ్ హౌస్‌లో సాహిత్య విభాగానికి సీనియర్ ఎడిటర్ అయిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడ. బయట వీధుల్లో ఉద్యమాలు నడుస్తున్నాయి. స్టోక్లీ కార్మైకేల్ లాంటి నాయకులు హోవర్డ్‌లో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. మీరెందుకు వీధిలోకి రాలేదని అడిగితే, ఆ ఉద్యమాల మాట అచ్చులోకి వచ్చేలా చూడటం నా పని అనుకున్నానని చెప్పారు.

ఆ పని ఎంత పెద్దదో చూడండి. బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు హ్యూయీ న్యూటన్ రచనల సంకలనం 1972లో ఆవిడ చేతుల మీదుగా వచ్చింది. మన దగ్గర బొంబాయిలో బ్లాక్ పాంథర్ల పేరు స్ఫూర్తితోనే దళిత్ పాంథర్స్ పుట్టింది కూడా ఆ ఏడాదే. షోయింకా, అచెబె లాంటి ఆఫ్రికా రచయితలను అమెరికా పాఠకులకు పరిచయం చేసే సంకలనం తెచ్చారు. బాక్సర్ మహమ్మద్ అలీ ఆత్మకథ ఆవిడే ఎడిట్ చేశారు. టోనీ కేడ్ బంబారా కథలు, హెన్రీ డూమస్ కవిత్వం, లియాన్ ఫారెస్ట్ నవలలు కూడా. డూమస్‌ను 1968లో న్యూయార్క్ సబ్‌వేలో ఒక పోలీసు కాల్చి చంపాడు. అతని రాతలు చేతిరాత కాగితాలుగానే మిగిలిపోకుండా కాపాడినవాళ్లలో మోరిసన్ ఒకరు. గేల్ జోన్స్ అనే పాతికేళ్లమ్మాయి రాసిన ‘కొరెజిడోరా’ రాతప్రతి చదివాక, ఇకమీద నల్లజాతి ఆడవాళ్ల గురించి ఎవరు నవల రాసినా ఇంతకు ముందు రాసినట్టు రాయలేరనుకున్నారట.

ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. జైలు నుంచి, దేశమంతా చూసిన కేసు నుంచి బయటపడింది. ఇంత చిన్న వయసులో ఆత్మకథ ఏమిటని ఆమె వెనకాడింది. రాయించింది మోరిసన్. రాజకీయ ప్రకటనలా వాక్యం రాస్తే ఆపి, అప్పుడు ఆ గది ఎలా ఉంది, నువ్వేం చూశావు అని అడిగేవారట. డేవిస్ కొంతకాలం ఆవిడ ఇంట్లోనే ఉండి రాసింది. మోరిసన్ కారు నడుపుతూ ఆఫీసుకు వెళ్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో బండి ఆగిన ప్రతిసారీ చిన్న ప్యాడ్ తీసి ఏదో ఒక వాక్యం రాసుకునేవారని డేవిస్ తర్వాత గుర్తుచేసుకున్నారు. అలా రాసుకున్న వాక్యాలే ‘సాంగ్ ఆఫ్ సాలమన్’ అయ్యాయి.

1983లో ఉద్యోగం వదిలేశారు. తన రాతకు సమయం చాలడం లేదన్న మాట నిజం. అయితే ఆ కుర్చీ ఖాళీ అయ్యాక ఎంతమంది నల్లజాతి రచయితల రాతప్రతులకు తలుపు మూసుకుపోయిందో అనిపిస్తుంది. ఒక్క మనిషి అన్నేళ్లు ఒక కుర్చీలో పట్టుదలగా కూర్చుంటే ఒక సాహిత్యం దిశ మారుతుంది. ఇది సాహిత్య చరిత్రల్లో సరిగా లెక్కకు రాదు.

ఎవరికి కనపడని మనిషి?

మోరిసన్‌కు ముందు గొప్ప నల్లజాతి రచయితలు లేరని కాదు. ఫ్రెడరిక్ డగ్లస్, హారియెట్ జేకబ్స్ లాంటి బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్లు 19వ శతాబ్దంలోనే తమ జీవితాలను రాశారు. కానీ వాళ్లు రాసింది తెల్లజాతి పాఠకులను ఒప్పించడానికి. వాళ్ల మనసు నొచ్చుకుంటే బానిసత్వ రద్దు ఉద్యమానికే నష్టం. కాబట్టి మరీ ఘోరమైన చోట్ల, ఇక చెప్పలేను అంటూ తెర దించేసేవాళ్లు. లోపల ఏమనుకున్నారో, ఎలా ఏడ్చారో, ఏం కలలు కన్నారో ఆ పుస్తకాల్లో దొరకదు. ఆ తెరను తొలగించడమే తన పని అని మోరిసన్ ఒక వ్యాసంలో రాశారు.

20వ శతాబ్దంలో రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎలిసన్ వచ్చారు. ఎలిసన్ నవల ‘ఇన్‌విజిబుల్ మ్యాన్’ను ప్రపంచమంతా పొగిడింది. మోరిసన్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎవరికి కనపడని మనిషి? నాకైతే కనపడుతూనే ఉన్నాడు కదా! ఆ నవల కూడా తెల్లవాళ్ల చూపును ఎదురుగా పెట్టుకునే రాసిందని ఆవిడ అభ్యంతరం. ఎలిసన్ మీద అది కాస్త కఠినమైన తీర్పేనని నేనంటాను, కానీ ఆ ప్రశ్నలోంచే మోరిసన్ దారి పుట్టింది. టాల్‌స్టాయ్ లొరైన్‌లోని పద్నాలుగేళ్ల నల్లపిల్ల కోసం రాయలేదు, రష్యన్ల కోసం రాశాడు, అయినా ఆ పిల్ల చదివింది. అలాంటప్పుడు తాను మాత్రం తనవాళ్ల కోసం రాస్తే క్షమాపణ చెప్పుకోవాలా అని అడిగేవారు.

1998లో ఒక ఆస్ట్రేలియా టీవీ విలేకరి, మీ పుస్తకాల్లో తెల్లవాళ్లకు ప్రధాన స్థానం ఎప్పుడిస్తారు అని అడిగింది. ఆ ప్రశ్నలో ఎంత జాత్యహంకారం ఉందో మీకు తెలుస్తున్నట్టు లేదు, ఒక తెల్ల రచయితను నల్లవాళ్ల గురించి ఎప్పుడు రాస్తారని అడగగలరా అన్నారు మోరిసన్. గొంతు పెంచలేదు, నవ్వు చెరగలేదు. ఆ వీడియో చూసినప్పుడల్లా ఆవిడ మీద నాకు గౌరవం పెరుగుతుంది. తెలుగులో ఒక ఊరి యాసలో, ఒక కులం మాటలో రాసిన కథను, ఇది అందరికీ అర్థమవుతుందా అని పక్కన పెట్టిన సందర్భాలు మనకు తెలుసు. ఆ రచయితలకు మోరిసన్ మాట బలమిస్తుంది.

‘సులా’ (1973)లో ఇద్దరు నల్లజాతి ఆడపిల్లల స్నేహం కథ. ఒకరు ఊరి పద్ధతికి లొంగి, ఒకరు తెగించి బతుకుతారు. మగవాడి చుట్టూ తిరగని అలాంటి స్నేహాన్ని నవలకు కేంద్రం చేయడం అమెరికాలో అప్పటికి అరుదు. ‘సాంగ్ ఆఫ్ సాలమన్’ (1977) తండ్రి పోయాక రాసింది, ఆయనకే అంకితం. మగవాళ్ల లోకాన్ని రాయాలంటే, మగాళ్ల గురించి నీకు తెలిసిందేమిటి నాన్నా అని మనసులో ఆయన్నే అడుగుతూ రాశానని చెప్పారు. దానికి నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డు వచ్చింది. ‘టార్ బేబీ’ (1981)తో ఆవిడ బొమ్మ న్యూస్‌వీక్ ముఖచిత్రమైంది. నా మటుకు నాకు ఆ నవల అంతగా పట్టుబడలేదు.

చేసిన నేరం ఏమిటి?

‘ద బ్లాక్ బుక్’ కత్తిరింపులోని ఆ బానిస తల్లి పేరు మార్గరెట్ గార్నర్. ఆమె అసలు కథ ఇది. 1856 జనవరి చివర్లో గడ్డకట్టిన ఒహాయో నది మీద నడిచి కెంటకీ నుంచి సిన్సినాటీకి తప్పించుకుంది ఆ కుటుంబం. నదికి ఇవతల బానిసత్వం, అవతల స్వేచ్ఛ. కానీ చట్టం ప్రకారం పారిపోయిన బానిసను ఏ రాష్ట్రంలో ఉన్నా పట్టి యజమానికి అప్పగించాల్సిందే. దాక్కున్న ఇంటిని మనుషులు చుట్టుముట్టారు. మార్గరెట్ కత్తి తీసుకుని రెండేళ్ల కూతురి గొంతు కోసింది. మిగతా పిల్లల్నీ చంపబోతుంటే పట్టుకుని ఆపారు. మళ్లీ ఆ బతుకులోకి పంపడం కంటే ఇదే మేలనుకుంది.

ఆ తర్వాత కోర్టులో నడిచిన వాదన వింటే ఒళ్లు జలదరిస్తుంది. బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు ఆమె మీద హత్యానేరం పెట్టమని పోరాడారు. హత్య కేసు పెడితే ఆమె మనిషి అని, చచ్చిపోయింది ఆమె బిడ్డ అని చట్టం ఒప్పుకున్నట్టు. యజమాని పక్షం మాత్రం ఆమె పారిపోయిన ఆస్తి అంది. చివరికి ఆస్తి వాదనే నెగ్గింది. ఆమెను వెనక్కి పంపేశారు. రెండేళ్లకు టైఫాయిడ్‌తో చనిపోయింది.

ఉద్యోగం వదిలిన కొద్ది రోజులకు మోరిసన్ హడ్సన్ నది ఒడ్డున తన ఇంటి ముందున్న చెక్క వంతెన మీద కూర్చున్నారు. గుండె దడగా ఉంది. భయమేమో అనుకున్నారు. కాసేపటికి అది సంతోషమని, స్వేచ్ఛ అని తెలిసింది. ఎవరి జీతానికీ కట్టుబడని స్వేచ్ఛ. అప్పుడు, ఆడవాళ్లకు స్వేచ్ఛ అంటే ఏమిటన్న ఆలోచన వెంట మార్గరెట్ గార్నర్ మళ్లీ వచ్చింది. పిల్లలు వద్దనుకునే హక్కు గురించి అందరూ మాట్లాడుతున్న కాలం అది. బానిస స్త్రీకి మాత్రం, ఈ పిల్లలు నావాళ్లు అనడమే నేరం. ఈ సంగతి పట్టుకున్నాక ఆవిడ మార్గరెట్ జీవితం గురించి ఇంకేమీ వెతకలేదు. కావాలనే వెతకలేదు. మిగిలింది ఊహించడమే తన పని.

నవలలో తల్లి పేరు సేథ. కథ మొదలయ్యేటప్పటికి బిడ్డ చనిపోయి పద్దెనిమిదేళ్లు. బానిసత్వం రద్దయింది. ఇంట్లో ఆ బిడ్డ దయ్యం తిరుగుతూ ఉంటుంది. ఒకరోజు నీళ్లలోంచి ఒక యువతి బయటికొచ్చి ఆ ఇంటి ముందు కూర్చుంటుంది. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చాక బానిసత్వం గురించి మన పాఠకులకు చాలా తెలిసింది. అది తరాల వెంట నడిచే కథ. ‘బిలవ్డ్’ అలా నడవదు. గుర్తు తెచ్చుకోలేని దాన్ని మనసు ఎలా తోసేస్తుందో, అది ఏ సందులోంచి మళ్లీ లోపలికి వస్తుందో అలా సాగుతుంది. ఒక సంగతి సగం చెప్పి ఆగిపోతుంది. యాభై పేజీల తర్వాత ఇంకొంచెం. పూర్తిగా తెలిసేసరికి పాఠకుడు ఆ తల్లిని తప్పుపట్టలేడు, సమర్థించనూ లేడు. ఏ తీర్పూ చెప్పలేని ఆ చోటికి తీసుకెళ్లి నిలబెట్టడమే ఆ నవల సాధించిన పెద్ద పని.

1987లో ఆ నవలకు నేషనల్ బుక్ అవార్డు రాలేదు. ఆ డిసెంబర్‌లోనే జేమ్స్ బాల్డ్విన్ చనిపోయారు. అంత గొప్ప రచయితకు అమెరికా తన పెద్ద బహుమతుల్లో ఒక్కటీ ఇవ్వలేదు. ఈ అన్యాయాన్ని నిరసిస్తూ 1988 జనవరిలో 48 మంది నల్లజాతి రచయితలు, విమర్శకులు న్యూయార్క్ టైమ్స్‌లో బహిరంగ ప్రకటన ఇచ్చారు. మాయా ఏంజెలో, ఆలిస్ వాకర్ అందులో ఉన్నారు. రెండు నెలలకు పులిట్జర్ బహుమతి ‘బిలవ్డ్’కు వచ్చింది. ప్రకటన వల్లే వచ్చిందని కొందరు సాగదీశారు. నవల చదివినవాళ్లకు ఆ వాదనతో పనిలేదు.

గెలుపుల పక్కనే

1989 నుంచి 2006 వరకు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1992లో ‘జాజ్’ నవల, ‘ప్లేయింగ్ ఇన్ ద డార్క్’ అనే విమర్శ గ్రంథం వచ్చాయి. రెండోది చిన్న పుస్తకం. ఎడ్గార్ ఎలన్ పో, హెమింగ్వే లాంటి తెల్ల రచయితల పుస్తకాల్లో నల్లవాళ్లు మాట్లాడకుండానే ఎంత పని చేస్తున్నారో చూపించింది. అమెరికన్ సాహిత్యం పాఠం చెప్పే పద్ధతినే మార్చేసింది.

1993 అక్టోబర్‌లో నోబెల్. ఆ క్రిస్మస్ రోజునే హడ్సన్ ఒడ్డున ఉన్న ఆ ఇల్లు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పోయినవాటిలో ఆవిడ ఎక్కువగా తలుచుకుని బాధపడింది పిల్లల స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టులనే. 2010 డిసెంబర్‌లో చిన్న కొడుకు స్లేడ్ క్యాన్సర్‌తో చనిపోయాడు. నలభై ఐదేళ్లు. చిత్రకారుడు. తల్లీకొడుకులు కలిసి పిల్లల పుస్తకాలు రాశారు. కొడుకు పోయినప్పుడు మోరిసన్ తాను రాస్తున్న ‘హోమ్’ నవలను పక్కన పడేశారు. అమ్మ నా మూలంగా రాయడం మానేసిందంటే వాడు ఊరుకోడు అనిపించాక మళ్లీ పెన్సిల్ పట్టుకున్నారు. 2012లో వచ్చిన ఆ నవల అంకితం స్లేడ్‌కే. చివరి నవల ‘గాడ్ హెల్ప్ ద చైల్డ్’ 2015లో వచ్చేటప్పటికి ఆవిడకు 84 ఏళ్లు. 2019 ఆగస్టు 5న న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆవిడ పుస్తకాలను లక్షలమంది ఇళ్లకు చేర్చింది ఓప్రా విన్‌ఫ్రీ టీవీ కార్యక్రమం. నాలుగు నవలలను తన పుస్తకాల క్లబ్‌లో చదివించింది. కొన్ని పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చదవాల్సివస్తోందని ఆమె అంటే, దాన్నే చదవడం అంటారమ్మా అన్నారు మోరిసన్.

ఆవిడ పుస్తకాల మీద నిషేధాలు ఇప్పటికీ ఆగలేదు. ‘ద బ్లూయెస్ట్ ఐ’ అమెరికా స్కూలు లైబ్రరీల నుంచి తీసేయమని అభ్యంతరాలు వస్తున్న పుస్తకాల జాబితాలో ఏళ్ల తరబడి ఉంటోంది. కన్నతండ్రే కూతురి మీద చేసిన అత్యాచారం అందులో ఉందని కారణం చెబుతారు. ఆ పిల్లకు జరిగినదాన్ని చదవనివ్వకపోతే అలాంటి పిల్లలు లేకుండా పోరు. టెక్సాస్ జైళ్లలో ‘పారడైజ్’ నవలను ఖైదీలు తిరగబడతారేమోనని నిషేధించారు. ఆ నిషేధం సంగతి తెలిపిన ఉత్తరాన్ని మోరిసన్ ఫ్రేమ్ కట్టించి ఇంట్లో గోడకు తగిలించుకున్నారు.

మోరిసన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలని పాఠకులు అడుగుతుంటారు. పేరు విన్నామని నేరుగా ‘బిలవ్డ్’ తీసుకుని ముప్పై పేజీల దగ్గర వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మొదట ‘సులా’ చదవండి, రెండు వందల పేజీలు కూడా ఉండదు. తర్వాత ‘ద బ్లూయెస్ట్ ఐ’, ఆ తర్వాత ‘సాంగ్ ఆఫ్ సాలమన్’. ‘బిలవ్డ్’ అప్పుడు. తన నవలలను మోరిసన్ తానే చదివి రికార్డు చేశారు, ఆడియో పుస్తకాలుగా దొరుకుతాయి. నెమ్మదైన, కాస్త బొంగురు గొంతు. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు పెట్టాలో ఆ గొంతే చెబుతుంది. పుస్తకం ముందు పెట్టుకుని వింటూ చదివితే ఇంగ్లిష్ కష్టమనుకునేవాళ్లకు కూడా ఆ వాక్యాలు లొంగుతాయి.